డిక్కీ మొరాయిస్తే సార్‌నే పిలవాలా?

కుక్కర్ విజిల్ రాకపోతే మనమేం చేస్తాం? ముందు గాస్కెట్ సరిగ్గా కూర్చుందా అని చూస్తాం. తర్వాత వెయిట్ కింది రంధ్రంలో మెతుకేదైనా అడ్డుపడిందేమో చూస్తాం. అంతేగానీ కొత్త కుక్కర్ కోసం బజారుకి పరుగెత్తం. మరి కారు డిక్కీ మొరాయిస్తే మాత్రం "ఆయనొచ్చాక చూస్తార్లే" అని ఎందుకు వదిలేస్తాం?

బటన్ నొక్కగానే దానంతటదే లేచే డిక్కీ ఒకప్పుడు బాగా ఖరీదైన కార్లకే ఉండేది. అవే కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మధ్యతరగతి ఇళ్ళకీ వస్తున్నాయి. మా ఇంటికీ అలాగే వచ్చింది. కొన్నాళ్ళకి డిక్కీ సగం దాకా లేచి, ఆగి, మళ్ళీ కిందికి దిగిపోవడం మొదలెట్టింది. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్కు బటన్ ఒక్కసారి నొక్కి చూసి, "మోటారు పోయింది మేడం, మొత్తం సెట్టు మార్చాలి. సార్‌తో ఓసారి మాట్లాడించండి" అన్నాడు. కారు నడిపేది నేను, డబ్బు కట్టేది నేను. మాట్లాడాల్సింది మాత్రం సార్‌తోనట!

ఆటోమేటిక్ స్విచ్ ఆపేసి, డిక్కీని చేత్తో పూర్తిగా పైకెత్తి వదిలి చూడమన్నాను. నిలబడలేదు, మెల్లగా కిందికి జారింది. దాని బరువు మోసేవి పక్కనుండే రెండు గ్యాసు రాడ్లు. ఏళ్ళు గడిచేకొద్దీ వాటిలో గ్యాసు తగ్గిపోతుంది. అప్పుడు బరువంతా మోటారు మీద పడుతుంది. అది మోయలేక ఏదో అడ్డం వచ్చిందనుకుని వెనక్కి తిరుగుతుంది. మా కారులో మోటారు వేరు, రాడ్లు వేరు. రెండు రాడ్లూ మార్పిస్తే డిక్కీ మామూలుగా లేచింది. మోటారు జోలికి పోవాల్సిన పనే పడలేదు.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, వరస తెలిస్తే చాలు. బటన్ నొక్కినా చప్పుడే లేకపోతే ముందు బ్యాటరీ, ఫ్యూజు చూడాలి. చాలా కార్లలో ఈ సదుపాయాన్ని ఆపేసే స్విచ్ ఒకటి ఉంటుంది, పిల్లలు దాన్ని నొక్కేసి ఉండొచ్చు. ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయకపోతే, డిక్కీ మడత దగ్గర రబ్బరు గొట్టంలో వెళ్ళే వైర్లను అనుమానించాలి. తెరిచి మూసే ప్రతిసారీ వంగి వంగి అవి లోపలే తెగుతాయి. మూసుకున్నట్టే మూసుకుని మళ్ళీ తెరుచుకుంటే, లాక్‌లో దుమ్ము చేరిందేమో, అంచు రబ్బరుకి ఏదైనా తగులుతోందేమో చూడాలి. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత మొరాయిస్తే, చాలా కార్లలో డిక్కీని ఒకసారి చేత్తో పూర్తిగా మూస్తే సర్దుకుంటుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తున్నా డిక్కీ కదలకపోతే అప్పుడు లోపలి పళ్ళచక్రాల సంగతి మెకానిక్కుకి వదిలేయవచ్చు.

ఒక్క జాగ్రత్త మరిచిపోవద్దు. నిలబడని డిక్కీ కింద తల పెట్టి సామాన్లు సర్దకూడదు, పిల్లల్ని అసలు రానివ్వకూడదు. ఎవరైనా పట్టుకుని ఉండాలి, లేదా గట్టి కర్ర ఊతం పెట్టాలి. పాత రాడ్లను పొడవడం, వేడి చేయడం ప్రమాదం. లోపల గ్యాసు ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది.

అందరం స్పానర్లు పట్టుకుని కారు కింద దూరదామని నేననడం లేదు. కూరగాయల దగ్గర పుచ్చు వంకాయ ఏరి పక్కన పెట్టే మనకి, షెడ్డులో "ఏం చూసి మోటారు పోయిందంటున్నారు?" అని అడగడానికి మొహమాటం దేనికి? తీసేసిన పాత భాగం చూపించమందాం. ఏం మార్చారో బిల్లులో రాయమందాం. "సార్ లేరా?" అంటే, "కారు నాది, నాతోనే చెప్పండి" అని నవ్వుతూనే అందాం. అమ్మాయికి డ్రైవింగ్ నేర్పించేటప్పుడు ఫ్యూజుల డబ్బా ఎక్కడుందో, డిక్కీ ఎలా లేస్తుందో కూడా చూపిద్దాం. ఏమంటారు?