బిల్లు చెప్పేదాకా బతకాలా?

మన ఆస్పత్రుల్లో ప్రాణాధార వైద్యం ఆపేయడం ఎక్కడో అరుదుగా జరిగే పని అనుకుంటున్నారా? రోజూ జరుగుతోంది. డబ్బు అయిపోయిన రోజున జరుగుతోంది. పొలం తాకట్టు పెట్టి, చిట్టీ పాడి, మెడలో గొలుసు కుదువబెట్టి తెచ్చిందంతా ఐసీయూ కౌంటర్లో కరిగిపోయాక, 'డాక్టర్లు వద్దన్నా మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం' అని ఒక కాగితం మీద సంతకం చేయించుకుంటారు. ఆస్పత్రి భాషలో దాని పేరు లామా. గొంతులో గొట్టంతోనే మనిషిని అంబులెన్సు ఎక్కిస్తారు. దారి పొడవునా బావమరిదో తమ్ముడో చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతూ కూర్చుంటాడు. ఇంటికి చేరాక నొక్కడం ఎప్పుడు మానాలో చెప్పే డాక్టరు ఉండడు. నొప్పికి మందుండదు, ఆయాసానికి మందుండదు. తన చెయ్యి ఆగిన ఆ క్షణాన్ని ఆ బావమరిది బతికినన్నాళ్లూ మోస్తాడు.

కాబట్టి వైద్యం ఆపడానికి మనకేమీ అభ్యంతరం లేదు. ఎవరి మాట మీద ఆపాలన్న దగ్గరే పేచీ. బిల్లు చెబితే ఆపుతాం. మంచం మీదున్న మనిషి తెలివితో ఉన్నప్పుడే చెప్పి, రాసి, సంతకం పెట్టి ఉంచితే మాత్రం అపచారం అంటాం.

గుడిలో దర్శనం అయ్యాక మండపంలో రెండు నిమిషాలు కూర్చుని అనాయాస మరణం ఇమ్మని వేడుకోవడం మన పెద్దలందరికీ అలవాటే. దేవుడికి పెట్టే ఆ అర్జీనే ఒకసారి నోటరీ ముందు కూడా పెడదాం నాన్నా అని చూడండి. 'అశుభం పలక్కు, పైన తథాస్తు దేవతలుంటారు' అని వంటింట్లోంచి కేక వినిపిస్తుంది. ఆస్తి వీలునామా ఊసెత్తితే కొడుకు మీద అనుమానం, వైద్యం ఊసెత్తితే కోడలి మీద అనుమానం. అంపశయ్య మీద ఉత్తరాయణం దాకా ఆగి తన గడియ తానే ఎంచుకున్న భీష్ముడికి మాఘమాసంలో తర్పణాలు వదులుతాం. ఇంట్లో ముసలాయన తన గడియ గురించి ఒక్క మాట చెప్పబోతే నోరు నొక్కేస్తాం.

చట్టం ఒప్పుకోదన్న సాకు కూడా లేదు. కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చేసింది: గౌరవంగా చనిపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమే, కోలుకునే ఆశ లేని దశలో తనకు ఏ వైద్యం వద్దో ఎవరైనా ముందే రాసిపెట్టుకోవచ్చు. అంతకుముందు ముంబయి కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా శాన్‌బాగ్, అత్యాచారానికి గురై మెదడు దెబ్బతిని, 1973 నుంచి 2015 దాకా అదే ఆస్పత్రి మంచం మీద ఉండిపోయారు. ఆమె తరఫున ఒకరు ఆపమన్నారు, కంటికి రెప్పలా చూసుకున్న తోటి నర్సులు వద్దన్నారు. ఆమె ఏమని ఉండేవారో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడాన్నే మన ఇళ్లలో మర్యాద పేరుతో కాపాడుకుంటున్నాం.

2018 తీర్పు ప్రకారం అలా ముందే రాసుకున్న పత్రం మీద మెజిస్ట్రేటు సంతకం కావాల్సి వచ్చేది. ముసలివాళ్లను కోర్టు మెట్లెక్కించే షరతు అది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే దాన్ని సడలించింది. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివిలో ఉన్నవాళ్లెవరైనా ఇద్దరు సాక్షుల ముందు రాసుకుని, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరణ చేయించుకుంటే సరిపోతుంది. మీ మండలంలో తహసీల్దారు ఉన్నారు, గెజిటెడ్ హెడ్మాస్టరు ఉన్నారు. కులం సర్టిఫికెట్ జిరాక్సు మీద పచ్చసిరా సంతకం కోసం తిరిగిన కాళ్లే కదా మనవి! వెంటిలేటర్ వద్దు, డయాలసిస్ వద్దు, నొప్పి తగ్గించే మందు మాత్రం ఆపొద్దు అని రాయొచ్చు. నేను మాట్లాడలేనప్పుడు నా తరఫున ఫలానావాళ్లు మాట్లాడతారని ఒకరికన్నా ఎక్కువ పేర్లు పెట్టొచ్చు. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

ప్రతిని స్థానిక సంస్థకు ఇవ్వాలి, దాన్ని భద్రపరిచే అధికారిని ఆ సంస్థే నియమించాలి అని కూడా తీర్పు చెప్పింది. మీ మున్సిపల్ ఆఫీసుకో పంచాయతీ ఆఫీసుకో వెళ్లి ఆ అధికారి ఎవరని అడగండి. ఇంటిపన్ను కౌంటర్ వైపు చెయ్యి చూపిస్తే నాకు ఆశ్చర్యం లేదు.

'అయ్యో, ఆస్తి కోసం కొడుకులు చంపేస్తారండీ' అంటారు. కాగితం లేని ఇంట్లో ఆ కొడుకు చేతిలోనే సర్వాధికారాలూ ఉన్నాయి: ఏ ఆస్పత్రి, ఎన్నాళ్లు, ఎప్పుడు లామా. కాగితం ఉంటే తండ్రి తానే ఎంచుకున్న మనిషి అడ్డుంటారు. ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒకటి, దాని మీద మరో బోర్డు ఒప్పుకోవాలి, మెజిస్ట్రేటుకు సమాచారం వెళ్లాలి. దురాశకు ఏ దారి సుళువో మీరే చెప్పండి. పేదవాడికి వైద్యం అందకముందే వద్దని రాయించేస్తారేమో అన్న భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. నొప్పి తగ్గించే పాలియేటివ్ సేవ ప్రతి జిల్లాలో లేకుండా ఈ హక్కు సగం హక్కే.

ఇక అమెరికా అబ్బాయి సంగతి. డల్లాస్ నుంచి విమానం దిగి నేరుగా ఐసీయూకి వచ్చి, 'ఎంత ఖర్చయినా పర్లేదు డాక్టర్, అన్నీ చేయండి' అంటాడు. మూడేళ్లుగా నాన్న పక్కన లేని బాధనంతా ఆ ఒక్క వాక్యంలో తీర్చేసుకుంటాడు. గొట్టాలు నాన్నకు, ఊరట అబ్బాయికి. అక్కడ ఇల్లు కొన్నప్పుడు ఇలాంటి అబ్బాయిలే తమ కోసం లాయరుతో పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారు. సంతకం చేసినవాళ్లు స్పృహ కోల్పోయినా చెల్లే డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అది. అలాంటిదే నాన్నతోనూ రాయిద్దామని ఇండియా వచ్చి అడిగితే తెలుస్తుంది, వైద్యం సంగతి ముందే రాసుకోవచ్చు గానీ డబ్బు, ఆస్తి సంగతులకు ఇక్కడ అలాంటిది అసలు లేదని.

నా కోపమంతా ఇక్కడే. మన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) 1872 నాటి కాంట్రాక్టు చట్టం మీద నడుస్తోంది. దాని 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చినవాళ్లు మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దయిపోతుంది. నాన్నకు మతిమరుపు వ్యాధి ముదిరి కూతురి పేరు కూడా తెలియని నాడే కదా ఆ కూతురికి జీపీఏ అవసరం! సరిగ్గా ఆ రోజే అది చిత్తుకాగితం అవుతుంది. ఆయన వైద్యానికే ఆయన ఇల్లు అమ్మాలన్నా కుదరదు. కోమాలో ఉన్న మనిషి ఆస్తికి సంరక్షకుణ్ని నియమించే సూటైన చట్టం లేదు, హైకోర్టులో రిట్ వేసుకోవాలి. ఇలాంటి కుటుంబాల గోడు వినీ వినీ 2019లో కేరళ హైకోర్టు తానే మార్గదర్శకాలు రాసుకుంది.

ఆ పక్క సెక్షన్ కూడా చదవండి, ఒళ్లు మండుతుంది. 202 ప్రకారం, జీపీఏ పుచ్చుకున్నవాడికి ఆ ఆస్తిలో సొంత లాభం ఉంటే యజమానికి మతిపోయినా ఆ అధికారం పోదు. అప్పిచ్చి, ఆ అప్పు కింద స్థలం అమ్ముకునే అధికారం రాయించుకున్నవాడి పత్రం పదిలం. పైసా లాభం లేకుండా తండ్రికి అన్నం తినిపించే కూతురి పత్రం చెల్లదు. సొమ్ము రావలసినవాణ్ని కాపాడి, సేవ చేసేవాళ్లను కోర్టుల చుట్టూ తిప్పే చట్టాన్ని తెల్లదొరలు రాశారు, మనం నూటయాభై ఏళ్లు దాటినా మోస్తున్నాం. ఇంగ్లండు మాత్రం 2005లోనే మెంటల్ కెపాసిటీ చట్టం తెచ్చి, మతిపోయాక కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీని తన జనానికి ఇచ్చుకుంది.

ఢిల్లీ మొదలుపెట్టేదాకా ఆగక్కర్లేదు. కాంట్రాక్టులు, ఏజెన్సీ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా 7వ అంశం. అమరావతిలోనైనా హైదరాబాద్‌లోనైనా శాసనసభ 201కి సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. అందులో ఉండాల్సింది కొంచెమే: స్పృహ తప్పినా, మతి తప్పినా చెల్లుతుందని పత్రంలోనే రాసి రిజిస్టర్ చేయిస్తే చెల్లాలి, ఇద్దరు డాక్టర్లు ధ్రువీకరించాకే అమల్లోకి రావాలి, ఇల్లు అమ్మాలంటే జిల్లా కోర్టు అనుమతి ఉండాలి, ఏటా లెక్కలు అదే కోర్టులో దాఖలు కావాలి. ముసాయిదా రాయడానికి న్యాయశాఖలో ఒక్క అధికారికి ఒక్క మధ్యాహ్నం పని.