రెండో పడగ ఎవరిది?

మా మేనకోడలి చదువు ఆపాలా వద్దా అన్న పంచాయితీ మొన్న సాయంత్రం మా మిద్దెమీద జరిగింది. మగపెళ్ళివారు ఈ నెలలోనే ముహూర్తం అంటున్నారు, చదువు ఇక చాలంటున్నారు. పిల్లకేమో ఎం.ఏ. పూర్తి చెయ్యాలని.

తిరుపతిలో మిద్దె ఎక్కితే కొండ కనపడకుండా పోదు కదా! ఏడు కొండలూ ఆదిశేషుడి ఏడు పడగలని మన నమ్మకం. అటు చెయ్యి చూపించి మా చిన్నాయన తీర్పు చెప్పేశారు.

"వేయిపడగల్లో విశ్వనాథ ఏమన్నాడమ్మా? అన్నీ పోయి చివరికి రెండు పడగలే మిగిలాయన్నాడు. అదే దాంపత్యం. ఆడపిల్లలు పెళ్ళికన్నా చదువే ముఖ్యమంటే ఆ రెండూ కూలినట్టే. ఇక ప్రళయమే!"

పిల్ల తలొంచుకుంది. దాని ఒళ్ళో పాఠ్యపుస్తకం, 'జేన్ ఐర్'. అది నోరెత్తలేదు గనక నేనెత్తాను.

"ప్రళయం పేరుచెప్పి ఆడపిల్లను బెదిరించడం మనతోనే మొదలు కాలేదు చిన్నాయనా, దాని ఒళ్ళో పుస్తకంలోనూ ఉంది" అన్నాను.

1847లో ఆ నవల రాసిన షార్లెట్ బ్రాంటీ పాదిరీగారి కూతురు. బైబిలు ఉగ్గుపాలతో వచ్చింది. కథలో సెయింట్ జాన్ అని ఒక పాదిరీ. ఇండియాకు వచ్చి మతప్రచారం చెయ్యాలని ఆయన పట్టుదల. పెళ్ళాడి తోడు రమ్మని జేన్‌ను అడుగుతాడు. ప్రేమా? అదేం లేదు, దేవుడి పని! ఒకరాత్రి ప్రార్థనలో ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం చదువుతాడు. కొత్త ఆకాశం, కొత్త భూమి, పిరికివాళ్ళకు మాత్రం అగ్నిగుండం! చూపు పుస్తకంమీద, గురి జేన్ మీద.

జేన్ ఏమంది? చెల్లెలిలా వస్తాను, పనిలో సాయపడతాను, భార్యగా మాత్రం రానంది. ఆయన ఒంటరిగానే ఇండియా వచ్చాడు. ప్రకటన గ్రంథం చివరి ప్రార్థనే ఆయన నోట నవలకు కూడా చివరిమాట. జేన్ తనకిష్టమైనవాడితో కాపురం చేసుకుంది. ప్రళయం రాలేదు.

అసలు ఆ గ్రంథంలోనే, 12వ అధ్యాయంలో, ఏడు తలల ఘటసర్పం ఒక తల్లిని వెంటాడుతుంది. ఆమె కొట్టుకుపోవాలని నోటినుంచి నదినే కక్కుతుంది. అప్పుడు భూమి నోరుతెరిచి ఆ నీళ్ళు మింగి ఆమెకు సాయం చేస్తుంది. సాయం చేసిన ఆ భూమిని ఎవరూ గుర్తుచెయ్యరు. అగ్నిగుండం మాత్రం అందరికీ కంఠతా వచ్చు!

ఇక మన వేయిపడగలు. 1934లో రాసింది, ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో బాపిరాజుగారి 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకుంది. గొప్ప నవల కాదని నేననను. కొత్త కాపురంలో వంటింటి గుమ్మంలో కూర్చుని చదివాను, ఏడ్చాను కూడా. సుబ్బన్నపేటలో కోటా, గుడీ, పాత కట్టుబాట్లూ ఒక్కొక్కటే ఒరిగిపోతుంటే గుండె చెరువవుతుంది. విశ్వనాథవారు నా పక్షాన మాట్లాడతారనీ అనుకోను. కానీ ఆయన లెక్కే ఆయన భక్తులకు అప్పజెబుతున్నాను. మిగిలినవి ఎన్ని పడగలు? రెండు. దాంపత్యమంటే ఇద్దరు. మరి కూలిపోతాయన్న బెదిరింపు ఒక్కరికే ఎందుకమ్మా?

ధర్మారావు మొదటి భార్య అరుంధతి చనిపోతుంది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు. పడగ నిలిచింది, సంతోషమే! అదే ఆయన పోయి అరుంధతి మిగిలుంటే, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉంటే, ఆ పడగ నిలిచిందనేవాళ్ళా, విరిగిందనేవాళ్ళా? మీ గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి.

మగవాడు చదువుకని పరాయి దేశం పోయి నాలుగేళ్ళుంటే ఏ పడగా కూలదు. ఊరంతా స్టేషనుకొచ్చి దండలేస్తుంది. పిల్ల ఇంకొక్క పరీక్ష రాస్తానంటే మాత్రం ఆదిశేషుడు కదిలిపోతాడా? అంత కొండను మోసేవాడు ఒక్క పుస్తకం బరువు మొయ్యలేడా?

పరీక్షలయ్యాకే ముహూర్తమని మగపెళ్ళివారికి కబురు పంపాం. ఏమంటారో చూడాలి. రెండో పడగ వాళ్ళబ్బాయిదే కదా, ఆ మాత్రం ఓపిక పట్టలేడా?

చిన్నాయన చాలాసేపు కొండవైపే చూశారు. చివరికి, "కాఫీ ఉందా అమ్మా?" అన్నారు.

"ఉంది చిన్నాయనా, వంటింట్లో. వస్తూ వస్తూ మాకూ రెండు గ్లాసులు పట్టుకురండి" అన్నాను.