బూడిదలో గిట్టల గుర్తులు

ఉక్కునగరపు నీడలో కాపురముంటున్న మాకు చిట్టెం కొత్త కాదు. కొలిమిలో ఇనుము కరగగా మిగిలిన ముద్దను పెద్దలు ఆ పేరుతో పిలిచారు. ఇప్పుడందరూ స్లాగ్ అంటున్నారు. బళ్ళారి, రాయచూరు, పాలమూరు ప్రాంతాల బూడిద దిబ్బలలో అచ్చం అటువంటి ముద్దలే కనిపిస్తాయి. అందుకే తొలుత చూసినవారిలో ఒకరు అగ్నిపర్వతమన్నారు, ఒకరు కొలిమి అన్నారు. హంపి దగ్గరి నింబాపురం దిబ్బను జనం వాలి చితాభస్మమన్నారు.

తీరా చూస్తే అది ఆవుపేడ! రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ సంగతి ముందే గ్రహించాడు. 1957లో ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు) త్రవ్వించగా, మందను తోలిన దొడ్డికి కంచెగా పాతిన గుంజల గుంటలు బయల్పడ్డాయి. దొడ్డి పలుమార్లు కాలింది, పలుమార్లు తిరిగి కట్టారు. బూడిదపై పశువుల గిట్టల అచ్చులు సైతం నిలిచి ఉన్నాయి. నాలుగు వేల యేండ్లు దాటిన అచ్చులవి.

విరాటపర్వంలోని గోగ్రహణ ఘట్టం ఎన్నేండ్లో పాఠం చెప్పాను. ఆ ఆలమందలు రాత్రివేళ ఎక్కడ నిలిచేవన్న ఆలోచన నాకొక్కనాడూ కలుగలేదు.

మా విశాఖ తొట్లకొండ అదృష్టం వేరు. నావికాదళం వారి సర్వేలో కంటబడి, 1988–93 మధ్య త్రవ్వకాలు జరిగాక, అక్కడ ఇటుక పునాదులు, రాతిలో తొలిచిన తొట్లు చూపరులకు తామే కథ చెప్పుకొంటున్నాయి. బూడిదకా నోరు లేదు. చాలాచోట్ల దానిని ఎరువుగా బండ్లకెత్తుకొనిపోయారు. రైతును తప్పు పట్టలేను, పొలానికది మంచిదే కదా.

నా మనవి యిది. మిగిలిన దిబ్బలను త్రవ్వనీయక కంచె కట్టాలి. కోసిన ఒక పార్శ్వానికి వానకు కరగకుండా కప్పు వేస్తే పొరలు కనిపిస్తాయి. దిబ్బను తాకకుండా, ప్రక్క నేలపై, దొరికిన గుంటల కొలతతో ఒక దొడ్డి కట్టి చూపాలి. వివరించే పని ఆ ఊరి గొల్లలకే అప్పగించాలి. మందను ఆపే మెళకువ పుస్తకాలలో చదివినవారికంటె వారికి తెలుసు. వాలి కథనూ పలకపై వ్రాయవలసిందే, ఊరివారి కథగా. సిమెంటు వాలి విగ్రహం మాత్రం వద్దు.

పలకపై “నవీన శిలాయుగ భస్మరాశి” అని వ్రాస్తే నాబోటి పండితుడు తలాడించి వెళ్ళిపోతాడు. “ఇది ఆవుల దొడ్డి” అని పెద్ద అక్షరాలతో వ్రాయించండి.