వంద డాలర్ల ఆటగాడు

అమెరికా వారు ఫుట్‌బాల్ అని పిలుచుకొనే ఆటలో బంతికి కాలు తగలడం బహు అరుదు. కోలగా ఉండే బంతిని చేతపట్టి, పరుగెత్తి, విసిరి, ఎదుటివారిని ఢీకొని, గజం గజంగా ముందుకు సాగే ఆట అది. అందులో జట్టుకు మెదడు వంటివాడు క్వార్టర్‌బ్యాక్. ప్రతిసారీ బంతి మొదట అతని చేతికే వస్తుంది. ఎవరికి అందించాలో, ఎవరికి విసరాలో రెప్పపాటులో నిర్ణయించవలసినవాడు అతడే.

ఈ ఆటకు ప్రధానమైన జాతీయ లీగు 1920లో ఏర్పడింది. నాటి నుండి ఒక్క ఓటమి గాని, ఒక్క సమఫలితం గాని లేకుండా ఛాంపియన్లుగా నిలిచిన జట్టు ఒకటే: 1972 నాటి మయామీ డాల్ఫిన్స్. లీగులో 14, ఆపైన 3, మొత్తం 17 విజయాలు.

ఆ జట్టు కోచ్ డాన్ షులాకు తుది పోటీ అప్పటికి రెండుసార్లు చేదు మిగిల్చింది. 1972 జనవరిలో మయామీ జట్టు డాలస్ చేతిలో 24-3తో భంగపడింది. అంతకు మూడేళ్ళ ముందు, 1969 జనవరిలో, ఆయన శిక్షణలోని బాల్టిమోర్ కోల్ట్స్ తప్పక గెలుస్తుందని అందరూ అనుకోగా, న్యూయార్క్ జెట్స్ చేతిలో 16-7తో ఓడింది. ఆనాటి కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ ఎర్ల్ మోరల్. ఆ సీజనులో లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడుగా ఎన్నికైనవాడు, తుది పోటీ ప్రథమార్ధంలోనే మూడు బంతులు ప్రత్యర్థుల చేతిలో పెట్టాడు. ఆట మధ్యలో అతన్ని కూర్చోబెట్టి జానీ యునైటస్‌ను దింపింది షులాయే.

1972లో కోల్ట్స్ మోరల్‌ను వదిలివేసింది. వదిలివేసిన ఆటగాణ్ణి తీసుకోవడానికి చెల్లించవలసిన రుసుము 100 డాలర్లు. ఆ పైకం కట్టి అతన్ని తెచ్చుకున్నదీ షులాయే. అది మోరల్‌కు ఆరవ జట్టు. సీజను ఆరంభమయ్యేనాటికి అతని వయస్సు 38.

అక్టోబరు 15న శాన్ డియేగోతో ఆడుతుండగా మయామీ యువ క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ కాలు విరిగింది. మోరల్ మైదానంలోకి వచ్చాడు. ఆ పోటీ గెలిచాడు. మరుసటి వారం బఫెలోపై ఒకే ఒక్క పాయింటు తేడాతో, 24-23తో గట్టెక్కాడు. అతని పరుగులో వేగం లేదు. ఆ లోటు తీర్చడానికి లారీ జోంకా, మెర్క్యురీ మోరిస్ ఉండనే ఉన్నారు. ఒకే జట్టులో ఇద్దరు ఒకే సీజనులో వెయ్యేసి గజాలు పరుగెత్తడం అదే ప్రథమం. మోరల్‌ను వద్దనుకున్న కోల్ట్స్ ఆ ఏడాది మయామీతో రెండుసార్లు తలపడి ఒక్క పాయింటైనా సంపాదించలేకపోయింది: 23-0, 16-0.

డిసెంబరు 31న పిట్స్‌బర్గ్‌లో సెమీఫైనల్. మోరల్ ఆరంభించిన వరుస 11వ పోటీ అది. సగం ఆట ముగిసేసరికి చెరి 7 పాయింట్లు. కోలుకున్న గ్రీసీని షులా ద్వితీయార్ధంలో దింపాడు. మయామీ 21-17తో నెగ్గింది. రెండు వారాల తరువాత లాస్ ఏంజిలస్‌లో జరిగిన తుది పోటీకీ గ్రీసీనే ఎంచుకున్నాడు. నాలుగేళ్ళలో రెండోసారి మోరల్‌ను అదే కోచ్ పక్కన పెట్టాడు. ఓడినప్పుడు తొలగించడం లోకరీతి. ఓటమి ఎరుగనివాణ్ణి తొలగించడానికి కోచ్‌కు ఎంత గుండెనిబ్బరం కావాలో, ఆ మాట విని అలగకుండా ఉండడానికి ఆటగాడికి అంతకు రెట్టింపు కావాలి. మోరల్ అలగలేదు.

1973 జనవరి 14న వాషింగ్టన్‌పై మయామీ 14-0 ఆధిక్యంలో ఉండగా, గారో యెప్రేమియన్ బంతిని తన్నడానికి సిద్ధమయ్యాడు. అది గోలు దాటివుంటే 17 విజయాల సీజను 17-0తో ముగిసేది. బంతిని నేలపై నిలబెట్టి పట్టుకున్నది మోరల్. ప్రత్యర్థి అడ్డుకోగా వెనక్కు దొర్లిన బంతిని, గాభరాపడిన యెప్రేమియన్ చేతితో విసరబోయాడు. అది జారి వాషింగ్టన్ ఆటగాడు మైక్ బాస్ చేతిలో పడింది. అతడు 49 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మిగిలిన రెండు నిమిషాల్లో డాల్ఫిన్స్ ఊపిరి బిగబట్టి 14-7తో గెలిచారు.

2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ వరుసగా 18 పోటీలు గెలిచి, 2008 ఫిబ్రవరిలో తుది పోటీలో ఓడింది. మయామీ రికార్డు అలాగే నిలిచింది. 1973లో అందని వైట్‌హౌస్ ఆహ్వానం ఆ జట్టుకు 2013లో అందింది.

మోరల్ 2014లో 79వ ఏట కన్నుమూశాడు. మరణానంతరం బోస్టన్ విశ్వవిద్యాలయం వారు పరీక్షించగా, తలకు పదేపదే తగిలే దెబ్బలవల్ల మెదడును క్రమంగా క్షీణింపజేసే వ్యాధి అతనిలో తీవ్రదశకు చేరివున్నదని తేలింది.