వినగోరువాడే అధికారి

గోదావరిఖనిలో బస్సుకై వేచియున్న అపరిచితులకు భాగవతమో భగవద్గీతయో చదివి వినిపించువారు కలరు. ఇది తగదని ఆక్షేపించు పెద్దలును కలరు. గనినుండి వచ్చినవాని ఒంటిపై బొగ్గుమసి, కాళ్లకు చెప్పులు, చేతిలో టీ గ్లాసు! ఇట్టివాని ముందర గ్రంథము విప్పుట అపచారమట. వీరు చూపు ప్రమాణము గీత పదునెనిమిదవ అధ్యాయమందలి 67వ శ్లోకము: తపస్సు లేనివానికి, భక్తి లేనివానికి, వినగోరనివానికి, భగవంతుని నిందించువానికి ఈ శాస్త్రము చెప్పరాదని.

మంచిది, ఆ శ్లోకమునే విచారింతము. శాసనములో తనకు వలసిన వాక్యమును చదివి, తరువాతి వాక్యమును అరచేత మూసిన వకీలును ఏ న్యాయాధిపతియు మన్నింపడు. 68వ శ్లోకము ఈ పరమరహస్యమును భక్తులకు తెలుపువాడు భగవంతునే చేరునని చెప్పుచున్నది. పై నిషేధములోనైనను కులము మాట లేదు, పరిచయము మాట లేదు, ఉతికిన బట్టల మాట అసలే లేదు. ఇక తపస్సందురా? తలదీపపు వెలుగున భూగర్భమున బొగ్గు త్రవ్వి, పైకప్పు కూలకున్న చాలునని దినము గడుపువానిని తపస్సు లేనివాడనుటకు నోరెట్లు వచ్చును?

గురునియానతి మీరి తిరుక్కోట్టియూరు గోపురమునుండి మంత్రమును ఎల్లరకు వినిపించిన రామానుజుల కథను ఈ పెద్దలే కన్నీరు కార్చుచు చెప్పుదురు. గోపురము తొమ్మిది వందల యేండ్ల దూరమున ఉన్నది గనుక పొగడుట సులభము. బస్సు స్టాండు ఎదుటనే ఉన్నది. అన్నమాచార్యుల రాగిరేకులు తిరుమలలో శతాబ్దములు మూలపడియుండగా తెలుగువానికి దక్కినదేమి? ధర్మపురి శేషప్ప నరసింహశతకము ఇదే గోదావరి యొడ్డున పుట్టి బడిపిల్లల నోట ఊరూర తిరిగినది. ఎవరి అనుమతి వేడెను?

అయితే "వినగోరనివానికి" అను ఆ ఒక్క మాట మన పక్షమువారిని కూడ పట్టుకొనును. రాత్రి షిఫ్టు ముగించి, ఉదయము ఇల్లు చేరి కన్ను మూసిన కార్మికుని క్వార్టరుపైకి మైకు త్రిప్పి స్తోత్రములు మ్రోగించువారు ఏ శ్లోకమును ప్రమాణముగ చూపుదురు? 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనలు రాత్రి పదింటినుండి ఉదయము ఆరింటివరకు మైకును నిషేధించినవి. పగలు నిద్రించు ఊళ్లు కొన్ని కలవని వ్రాసినవారికి తోచలేదు కాబోలు. పరుల శాంతిని చెడగొట్టి ధ్వనివర్ధకములతో ప్రార్థింపుమని ఏ మతమును విధింపలేదని అదే యేట సుప్రీంకోర్టు చెన్నపట్టణపు చర్చి వ్యాజ్యములో తీర్పు చెప్పెను. ఆ తీర్పు చర్చికి మాత్రమే చెల్లునని మనవారిలో నెవరైన తలచుచున్నచో, దానిని మరల చదువుకొందురు గాక.

1947లో ఢిల్లీ ప్రార్థనసభలలో ఖురాను పఠనమునకు ఒక్కడు అడ్డు చెప్పినను గాంధీజీ ప్రార్థననే నిలిపివేసిన దినములు కలవు. వందలమంది విననుండగా ఒక్కని కాదనుటకు ఆయన ఇచ్చిన విలువ అది. మనవారో, దారినపోవువాని చేత పుస్తకము పెట్టి, వాడు వలదన్నను వెంటబడి పైకమడుగుదురు! నమాజుకు పోవువాడైనను, చర్చికి పోవువాడైనను వారికి భేదము లేదు. ఇది జ్ఞానదానము కాదు, వసూలు.

రామగుండము, గోదావరిఖని పఠనసంఘములవారిని మేము కోరునది స్వల్పము. మైకు కట్టివేయుడు. సాయంకాలము చెట్టుక్రింద కూర్చుండి పద్యము చదివి తాత్పర్యము తెలుగున చెప్పుడు. లేచిపోవువానిని పోనిండు. నిలిచినవాడు ప్రశ్న వేసినచో, అది మీకు రుచింపని ప్రశ్నయైనను, బదులు చెప్పుడు. ఆక్షేపించు పెద్దలు కూడ ఒకసారి వచ్చి ఆ మసిబట్టలవాని ప్రక్కన కూర్చుండి, వాడేమి అడుగునో వినవలెను.