కారు పోయింది, షాన్ పోలేదు

భాయీ, కారు తుక్కయినా జాన్ బచీ, అల్‌హందులిల్లాహ్. మరి తర్వాత? రిపేరు ఖర్చు బీమా కాగితంలోని ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్. నాలుగేళ్లు దాటిన బండికి ఆ ఐడీవీ కొత్త ధరలో సగమే. తక్కిన సగం సూద్ మీద తెస్తున్నాం! జుమా ఖుత్బాలో సూద్ హరామ్ అంటే తలూపి, శనివారం షోరూంలో ఈఎంఐకి దస్తఖత్. షాదీఖానా ముందు సన్‌రూఫ్ నుమాయిష్ కావాలిగా!

2014 నుంచి గ్లోబల్ ఎన్‌క్యాప్, 2023 నుంచి భారత్ ఎన్‌క్యాప్ మన కార్లను గుద్ది చూసి స్టార్లు ఇస్తున్నాయి. అడిగేవాడేడీ? వెనక సీట్లో అమ్మీకి బెల్టుండదు, ఒళ్లో పాప. ఏమన్నా అయితే తఖ్దీర్! ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అన్న దీన్ మనది.

క్లెయిం పైసల్లో వచ్చే, స్టార్లున్న సెకండ్‌హ్యాండ్ బండి తీసుకోండి. ఇజ్జత్ బానెట్ పొడవులో లేదు.