అక్షరము పట్టుబడని బిడ్డ

మూడవ తరగతి గదిలో ఒక బాలుడు వాచకము తెరచి పాఠమును గడగడ అప్పగించును. పుట చివరి వరకు ఒక్క తప్పైనను దొరలదు. ఉపాధ్యాయుడు అదే పుట నడుమనున్న ఒక మాటపై వ్రేలుంచి ఇదేమని అడిగినచో తలవంచుకొనును. పాఠము అతని చెవికి వచ్చినది, కంటికి రాలేదు. విన్నదానిని జ్ఞాపకముంచుకొని, పుటలు త్రిప్పుచు, రెండేండ్లు నెట్టుకొని వచ్చినాడు. ఇట్టి బిడ్డను ‘మొద్దు’ అని పిలుచుట సులభము. ఆ పిలుపుతో ఉపాధ్యాయుని బాధ్యత తీరినట్లు తోచును; బాలుని చదువు మాత్రము అక్కడనే ఆగిపోవును.

ఇది ఒక బడి సంగతి కాదు. గ్రామీణ బాలల చదువును 2005 నుండి పరిశీలించుచున్న ‘అసర్’ నివేదికలను బట్టి, 2018లో దేశమందలి అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు ఇంచుమించు సగము మందియే. కరోనా కాలమున బడులు మూతపడిన తరువాత, 2022లో, ఆ సంఖ్య నూటికి సుమారు 43కు దిగినది. మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డకు చదువను వ్రాయను రావలెనను ఆశయముతో 2021లో ‘నిపుణ్ భారత్’ కార్యక్రమము మొదలైనది. తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ వచ్చినది. ఆశయములు మెచ్చదగినవే. కాని పలక ముందు కూర్చున్న ఒక్క బిడ్డ ఎక్కడ తడబడుచున్నాడో ప్రక్కన కూర్చున్న ఉపాధ్యాయుడే కనిపెట్టవలెను.

తెలుగు పలికినట్లే వ్రాయబడును గనుక చదువుట తేలికయని పెద్దల నమ్మకము. ఇంగ్లీషుతో పోల్చినచో అది చాలవరకు నిజమే. అయినను లేత కంటికి మన లిపి అంత తేలిక కాదు. ప, ఫ, ష ఒకే రూపమునుండి పుట్టినవి. నడుమనో క్రిందనో ఉన్న చిన్న గీతయే వాటి భేదము. ద, ధ, థ లును అట్టివే. వ, మ లను తారుమారు చేయని పసివాడు అరుదు. ఇక వత్తులు చేరినప్పటి చిక్కు వేరు. ‘భక్తి’ అను మాటలో గుడి కకారము తలపై నుండును. తవత్తు క్రింద నుండును. పలుకునప్పుడు మాత్రము ఇకారము తకారము తరువాతనే రావలెను. కన్ను చూచు క్రమము వేరు, నాలుక పలుకు క్రమము వేరు. ‘భకిత’ అని చదివిన బాలుడు తాను చూచినదానిని చూచినట్లే చదివినాడు. ఆ మెలకువ అతనికి ఎవరును విడమరచి చెప్పలేదు.

కావున మొదట చేయవలసినది తప్పు ఎక్కడనున్నదో తెలిసికొనుట. వరుస తప్పించి అక్షరములు చూపవలెను. తరువాత తలకట్టు మాటలు, పిదప గుణింతపు మాటలు, తుదకు వత్తుల మాటలు. ఎక్కడ ఆగినాడో అక్కడనే పాఠము మొదలు కావలెను. ‘పలక’ అని చదివిన బాలునికి ‘లపక’ అని వ్రాసి చూపవలెను. అర్థము లేని ఆ కూర్పు జ్ఞాపకమునుండి రాదు, బొమ్మను చూచి ఊహించుటకును వీలుకాదు. దానిని చదివినచో అక్షరములు వచ్చినట్లే; చదువలేనిచో ఇంతవరకు విన్నది కంఠస్థపాఠమని తెలియును.

బోధనయు కొద్దికొద్దిగా సాగవలెను. ఏబదియారు అక్షరములను ఒక్కసారిగా బిడ్డ నెత్తిన పెట్టనక్కరలేదు. ప, ల, క, డ, గ, త అను ఆరు అక్షరములు చాలును. వాటితోనే పలక, పడక, గడప, తడక, తల, కల అను మాటలు కూడును. అన్నియు ఇంటిలోనివే, నోట నలిగినవే. నేర్చిన నాలుగు నాళ్లలోనే తాను మాటలు చదువుచున్నానను ధైర్యము బిడ్డకు కలుగును. పోలికగల అక్షరములను ఒకేనాడు నేర్పరాదు. ఒకటి బాగుగా కుదిరిన పిమ్మటనే రెండవదానిని దాని ప్రక్కన నిలిపి భేదమును చూపవలెను. గుణింతమును పాటవలె వల్లించుట మంచిదే. కాని ‘క కా కి కీ’ అని మొదటినుండి పాడుకొనినగాని ‘కొ’ ను గుర్తింపలేనివానికి గుణింతము రాలేదనియే గ్రహింపవలెను. వీధిబడిలో ఇసుకపై వ్రేలితో దిద్దించిన పద్ధతిలో ఒక మేలున్నది. కన్ను చూచుచుండగా వ్రేలు కదలును, నోరు పలుకును. మూడును కలిసి అక్షరమును నిలుపును.

ఇంత చేసినను కొందరికి అక్షరము నిలువదు. అది సోమరితనము కాకపోవచ్చును. డిస్‌లెక్సియా వంటి అభ్యసన వైకల్యములను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించినది. అట్టి బిడ్డలను నిపుణులకు చూపవలెను. ఇంటి భాష వేరైన బిడ్డల కష్టము మరియొకటి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర బాలలకు చదువు చెప్పబూని, మొదట తామే సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకములు కూర్చిరి. కోయ, లంబాడీ ఇండ్లనుండి వచ్చు పసివారికి ‘గడప’ అను మాటయే క్రొత్తదైనచో, అందలి మూడక్షరములును మరింత క్రొత్తవి. మొదట మాట పరిచయము కావలెను.

ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు నడపు బడిలో ఇదంతయు ఎట్లు సాధ్యమని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఉపాధ్యాయులను నియమించుట ప్రభుత్వముల విధి. అంతవరకు దినమునకు పది నిమిషములు, నలుగురేసి పిల్లలు, ఒక పలక — ఇంతమాత్రము అసాధ్యము కాదు. పై తరగతుల విద్యార్థులును ఇంటిలో తమ్ముని, చెల్లెలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆరు అక్షరములతో ఈ పని చేయవచ్చును. నవ్వకుండుట ఒక్కటే నియమము. తప్పు చదివినందుకు నలుగురిలో నవ్వులపాలైన బిడ్డ మరునాడు నోరు విప్పడు. నోరు విప్పనివాని తప్పు ఎవరికిని తెలియదు.

రేపు బడిలో వాచకము తెరచినప్పుడు వెనుక వరుసలోని బాలుడు పాఠమును ఎప్పటివలెనే గడగడ అప్పగింపవచ్చును. ఉపాధ్యాయుడు దానితో తృప్తిపడక, పుట నడుమనున్న ఒక మాటపై వ్రేలుంచి, మెల్లగా అడిగి, జవాబు వచ్చువరకు ఓపికతో వేచియుండవలెను.